కామన్ సెన్స్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. క్లాసులో పిల్లలు, పేరెంట్స్ మీటింగుల్లో వాళ్ల అమ్మానాన్నలు, పెళ్లిళ్లలో చుట్టాలు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మాటలు వేరైనా అందరూ అడిగేది ఒకటే: మామూలు బుర్రకు ఇంత స్పష్టంగా తోచింది ఎలా తప్పవుతుంది? ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ఇంగితజ్ఞానం, కామన్ సెన్స్ రెండూ ఒకటేనా?

వాడుకలో ఒకటే. "ఆ మాత్రం కామన్ సెన్స్ లేదా?" అన్నా, "ఇంగితం లేని మనిషి" అన్నా తిట్టు ఒకటే. కానీ ఇంగితం అనే మాటకు అసలు అర్థం వేరు. ఎదుటి మనిషి మనసులో ఉన్నదాన్ని నోరు విప్పకుండానే బయటపెట్టే కదలిక, సైగ, ముఖంలో మార్పు, అదీ ఇంగితం. దాన్ని పసిగట్టడం ఇంగితజ్ఞానం. చావింట్లో గట్టిగా నవ్వకూడదని తెలియడం. అప్పుల్లో ఉన్నవాడి ముందు కొత్త కారు కబుర్లు ఎత్తకపోవడం. వడ్డించేటప్పుడు చుట్టం "చాలు" అంటే నిజంగా చాలో, మొహమాటమో కనిపెట్టడం.

నాకు ఈ పాత అర్థం చాలా ఇష్టం. ఆ మాట పుట్టింది నలుగురి మధ్య బతకడానికి. ఆ పనిలో దాన్ని మించింది లేదు. పేగు నీళ్లను ఎలా పీల్చుకుంటుందో, భూమి తిరుగుతుందో లేదో, వంద మందిలో ఎంతమందికి ఒక జబ్బు ఉంటుందో చెప్పమని దాన్ని అడగడం మాత్రం దానిది కాని పని దాని నెత్తిన పెట్టడమే.

అది నిజంగా ప్రమాదం తెచ్చిన సందర్భం ఒకటి చెప్పండి.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి రెండేళ్లు. ఎండాకాలం. పొద్దుటి నుంచి వాడికి వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నానికి ఏడుస్తున్నాడు గాని కన్నీళ్లు రావడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మడత వెంటనే సర్దుకోలేదు. వాడు గ్లాసు కేసి చెయ్యి చాస్తుంటే నాయనమ్మ గ్లాసు దూరంగా జరిపింది. "పోసిన నీళ్లు పోసినట్టే కిందికి పోతున్నాయి కదే, ఇంకా పోస్తే ఇంకా పోతాయి. కాసేపు కడుపు ఎండనివ్వండి, అదే కట్టుకుంటుంది" అంది. అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. ఆ మాటలో తప్పెక్కడుందో మా ఎవరికీ కనిపించలేదు. చిల్లు కుండలో నీళ్లు పోస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు కదా.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. సంచిలోంచి ఒక ప్యాకెట్ తీసి చింపి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం కలిపింది. చెంచాతో నిమిషానికి ఒకటి చొప్పున పోయించింది. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టించింది. రాత్రి పదింటికి వాడు పక్క తడిపాడు. ఆ తడిసిన బొంత పట్టుకుని మా అమ్మ ఏడ్చింది.

పేగు చిల్లు కుండ కాదు. చిన్నపేగు గోడలో గ్లూకోజును, సోడియాన్ని కలిపి లోపలికి తీసుకునే ఒక దారి ఉంటుంది. అవి రెండూ జంటగా వస్తే లోపలికి వెళతాయి, వాటి వెనకే నీళ్లు కూడా వెళతాయి. కలరా వచ్చినప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. ఉత్త నీళ్లు పోస్తే ఆ దారి సరిగా పనిచేయదు, ఉప్పు ఒక్కటే వేసినా పనిచేయదు. పక్కనే పంచదార ఉండాలి. నర్సమ్మ కలిపిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ఉన్నది ఈ ఉప్పు, గ్లూకోజుల జంటే. కంటికి కనపడని ఈ సంగతిని ఎంత అనుభవం ఉన్న నాయనమ్మయినా ఎలా ఊహించగలదు?

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షలమంది పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బనగావ్ దగ్గర శిబిరాల్లో ఉన్నప్పుడు కలరా వచ్చింది. నరాల్లోకి ఎక్కించే సెలైన్ అయిపోతోంది. దిలీప్ మహలనబీస్ అనే డాక్టర్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ కలిపి పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్లలో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన చోట 3.6 శాతానికి దిగాయి. పేగులో గ్లూకోజు, సోడియం జంటగా వెళ్లే ఆ దారిని కనిపెట్టడమే ఆ శతాబ్దపు వైద్యంలో అన్నిటికంటే ముఖ్యమైన ముందడుగు కావచ్చని 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక రాసింది. మహలనబీస్ 2022లో పోయారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆయన పేరు తెలిసిన పిల్లలు నా క్లాసులో ఇంతవరకు ఇద్దరే కనిపించారు. అది నాకు బాధగా ఉంటుంది.

ఓఆర్‌ఎస్ అని రాసిన తియ్యటి డ్రింకులు ఇస్తే సరిపోదా?

సరిపోదు. "నీరసంగా ఉన్నాడు కాబట్టి ఎంత తియ్యగా ఉంటే అంత బలం" అన్నది కూడా కామన్ సెన్సే. పంచదార మోతాదు మించితే పేగులోకి ఒంట్లోని నీళ్లనే లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో, దేశంలో ఆహార పదార్థాల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్ అడగండి. దాని మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్ని నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలపండి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో అంటూ అందాజాగా కలపొద్దు. పిల్లవాడు మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇదంతా చదువు లేనివాళ్ల పొరపాటు కదా సార్?

కాదు. దయచేసి అలా అనుకోవద్దు. చదువుకున్నవాళ్లకీ వాళ్ల కామన్ సెన్స్ ఉంటుంది. డిగ్రీ తోడైతే దాన్ని కదిలించడం ఇంకా కష్టం.

పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టాలని అమెరికా, యూరప్ డాక్టర్లు దశాబ్దాల పాటు చెప్పారు. వాళ్ల కారణం వింటే మనమూ తలూపుతాం: వెల్లకిలా పడుకున్న పిల్ల కక్కుకుంటే అది గొంతుకు అడ్డం పడుతుంది. కానీ శరీరం లోపల చూస్తే సంగతి తిరగబడుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు మళ్లీ కిందికే జారతాయి. బోర్లా పడుకున్నప్పుడు ఊపిరి గొట్టమే కిందికి వస్తుంది. నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే పిల్లల్లో బోర్లా పడుకున్నవాళ్లు ఎక్కువని 1970 నాటికే ఆధారాలు ఉన్నాయి. వాటిని అప్పుడే ఒకచోట చేర్చి చూసి ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా వైపు అంతా కలిపి కనీసం 50,000 మంది పిల్లలు బతికేవాళ్లని 2005లో వచ్చిన ఒక పరిశీలన లెక్కగట్టింది. అమెరికాలో "వెల్లకిలా పడుకోబెట్టండి" అని ప్రచారం మొదలైంది 1994లో. ఆ తర్వాత అక్కడ ఇలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. 50,000 అన్న అంకె చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. ఆకాశం నుంచి రాళ్లు పడ్డాయని యూరప్ పల్లెల్లో రైతులు చెబుతుంటే 18వ శతాబ్దపు పండితులు కొట్టిపారేశారు. ఆకాశంలో రాళ్లెక్కడివి, పడటానికి? 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్సులో లెగ్ల్ అనే ఊరి దగ్గర వేల కొద్దీ రాళ్లు పడ్డాయి. ప్రభుత్వం జాన్ బాప్టిస్ట్ బియో అనే శాస్త్రవేత్తను పంపింది. ఆయన ఊరూరూ తిరిగి జనాన్ని అడిగి, రాళ్లు ఎక్కడెక్కడ పడ్డాయో గుర్తించి, రైతులు చెప్పింది నిజమేనని తేల్చాడు. అక్కడ తప్పింది పండితుల లోకజ్ఞానమే. కళ్లారా చూసిన రైతులు చూసింది చూసినట్టు చెప్పారంతే.

మరి కళ్లారా చూసింది నమ్మొచ్చన్నమాట?

చూసింది వేరు, చూసినదాని నుంచి మనం అల్లుకున్నది వేరు. రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి కాబట్టి ఒకటేననిపిస్తుంది.

వచ్చే పౌర్ణమి నాడు ఒక పని చేయండి. చంద్రుడు తాటిచెట్ల వెనక నుంచి పైకి వచ్చేటప్పుడు ఎంత పెద్దగా కనిపిస్తాడో చూడండి. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, చిటికెన వేలి గోరు అడ్డం పెట్టండి. చంద్రుడు గోరు వెనక దాక్కుంటాడు. మళ్లీ అర్ధరాత్రి, నడినెత్తిన "చిన్నగా" ఉన్నప్పుడు అదే గోరు పెట్టండి. అంతే దాక్కుంటాడు. చంద్రుడి సైజు మారలేదు, మన మనసు వేసిన కొలత మారింది. ఈ సంగతి తెలిశాక కూడా మరుసటి నెల చంద్రుడు మళ్లీ పెద్దగానే కనిపిస్తాడు. తెలిసినంత మాత్రాన కనిపించడం మానదు. ఈ ఒక్కటి పిల్లలకు బాగా అర్థమైతే సగం ఫిజిక్స్ వచ్చినట్టే అంటాను.

భూమి సంగతీ అంతే. పాపికొండల లాంచీలో కూర్చుంటే ఒడ్డున చెట్లు వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. క్రీ.శ. 499లో ఆర్యభటుడు ఇదే పోలిక చెప్పాడు: ముందుకు పోయే పడవలో మనిషికి కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, అలాగే కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయి అని. తర్వాత వచ్చిన మహా పండితులే ఒప్పుకోలేదు. భూమి తిరిగితే ఎగిరిపోయిన పక్షులు గూటికి ఎలా తిరిగొస్తాయని వరాహమిహిరుడు అడిగాడు. ఎత్తైనవన్నీ పడిపోవా అని బ్రహ్మగుప్తుడు అడిగాడు. అవి తెలివితక్కువ ప్రశ్నలు కావు. మన హైదరాబాద్ నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతోందంటే ఎవరికైనా అవే ప్రశ్నలు వస్తాయి.

జవాబు రైల్లో దొరుకుతుంది. నిలకడగా పరుగెత్తే రైల్లో నిలబడి రూపాయి బిళ్ల వదలండి. అది వెనక బోగీ వైపు ఎగిరిపోదు, మీ కాళ్ల దగ్గరే పడుతుంది. చేతిలో ఉన్నప్పుడే దానికి రైలు వేగం ఉంది, వదిలాక కూడా ఉంది. పక్షికీ అంతే. ఆర్యభటుడి రోజుల్లో పడవలు ఉన్నాయి గాని, ఈ ఒక్క మెట్టు ఎక్కడానికి మనిషికి ఇంకో వెయ్యేళ్లకు పైగా పట్టింది.

మా ఊళ్లో పాము మంత్రం వేస్తే బతికారు. నేనే చూశాను. దానికేమంటారు?

మీరు చూశారని నమ్ముతాను. బతికారనీ నమ్ముతాను. మంత్రం వల్ల బతికారన్నది మాత్రం మీరు చూడలేదు, అనుకున్నారు.

మన పొలాల్లో కనిపించే పాముల్లో ఎక్కువ వాటికి విషం ఉండదు. జెర్రిపోతు, నీరుకట్టు అలాంటివే. నాగుపాము, రక్తపింజర లాంటి విషసర్పాలు కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించవు. లెక్క కోసం ఒక మంత్రగాడి దగ్గరికి వందమంది వచ్చారనుకోండి. అందులో డెబ్బై మందికి అసలు విషమే ఎక్కలేదనుకోండి. మంత్రం వేసినా, వేపకొమ్మతో విసిరినా, ఊరికే కూర్చోబెట్టి కబుర్లు చెప్పినా ఆ డెబ్బై మంది బతుకుతారు. ఆ డెబ్బై ఇళ్లవాళ్లూ జీవితాంతం ఆయన పేరు చెప్పుకుంటారు. మిగతా ముప్పైలో పోయినవాళ్ల గురించి "ఆలస్యంగా తెచ్చారు", "పత్యం చెడింది" అంటారు. కాకి వాలింది, తాటిపండు పడింది. దీనికి మన పెద్దలు కాకతాళీయం అని పేరు కూడా పెట్టారు. ఆ మాట వాడతాం గాని, అవసరమైనప్పుడు గుర్తు రాదు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా. ఏడాదికి సగటున 58,000. ఎక్కువమంది పల్లెల్లో, వానాకాలంలో. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన తెలుగు నేలా ఉంది. అందుకే ఈ ప్రశ్నకు నేను నవ్వి ఊరుకోలేను.

గట్టిగా కట్టు కట్టడం కూడా ఇలాంటిదే. విషం పైకి పాకకుండా తాడుతో బిగిస్తే ఆగుతుందని ఎవరికైనా తోస్తుంది. జరిగేదేమిటంటే రక్తం ఆగి కాలు చచ్చుబడుతుంది, రక్తపింజర విషమైతే అక్కడే పేరుకుని కండ కుళ్లుతుంది, కట్టు విప్పగానే అంతా ఒక్కసారి ఒంట్లోకి పోతుంది. కొయ్యడం, నోటితో పీల్చడం కూడా వద్దు. ఉంగరాలు, మెట్టెలు, వాచీ తీసేయండి. విరిగిన కాలికి కట్టినట్టు బద్ద ఆనించి కదలకుండా ఉంచండి. నడిపించకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. కట్లపాము కాటు నిద్రలో తెలియకుండానే పడుతుంది, వాపు కూడా ఉండకపోవచ్చు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి.

వానలో చెట్టు కిందకి పోవడం తప్పా?

ఉరుములు వినబడుతుంటే తప్పే. పిడుగు ఎత్తైనదాన్ని వెతుక్కుంటుంది, చెట్టు మీద పడ్డ కరెంటు పక్కనున్న మనిషిలోకి దూకుతుంది. మన పొలాల్లో కూలీలు, గొర్రెల కాపర్లు ఎక్కువగా పోయేది ఇలాగే. తడిస్తే జలుబు చేస్తుందన్న భయంతో చెట్టు కిందకి పరుగెత్తుతారు. పక్కా ఇంట్లోకి గానీ, తలుపులు మూసిన కారు, బస్సులోకి గానీ వెళ్లండి.

కారం తింటే అల్సర్ వస్తుందంటారు, అదైనా నిజమేనా?

కడుపులో మంటగా అనిపించొచ్చు గాని పుండు పడటానికి కారణం అది కాదు. చాలా అల్సర్లకు కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. కొన్ని నొప్పి మాత్రల వల్ల వస్తాయి. కడుపులో అంత యాసిడ్ ఉంటే క్రిమి ఎలా బతుకుతుందని డాక్టర్లే నమ్మలేదు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ వచ్చింది. గుంటూరు మిర్చిని ఇన్నాళ్లూ ఊరికే ఆడిపోసుకున్నాం.

లెక్కల్లో కామన్ సెన్స్ ఎందుకు దెబ్బతింటుంది?

మన బుర్రకు కూడిక అలవాటు. హెచ్చవేతల మీద హెచ్చవేతలు వస్తే పట్టు తప్పుతుంది. దీనికి ఉదాహరణ మన ఊళ్లలో బల్లల మీద, ప్రోనోట్ల మీదే ఉంది.

నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తీసుకున్నారనుకోండి. నెలకు మూడు, ఏడాదికి 36 శాతం. బారువడ్డీ అయితే అయిదేళ్లకు 2 లక్షల 80 వేలు. ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తే అదే అయిదేళ్లకు 4 లక్షల 65 వేలు. పదేళ్లకు? బారువడ్డీ అయితే 4 లక్షల 60 వేలు. ఈ అంకె చెప్పి, తిరగరాస్తే ఎంతవుతుందని క్లాసులో అడిగితే "ఎనిమిది, తొమ్మిది లక్షలు సార్" అంటారు. 21 లక్షల 64 వేలు అవుతుంది. రైతు కొడుకులు ఉన్న క్లాసులో ఆ అంకె బోర్డు మీద వేసినప్పుడు ఒక్కోసారి ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. వాళ్లు ఇంట్లో విన్న అంకెలతో పోల్చుకుంటున్నారు.

తేలికైనది ఇంకోటి. ఒక గదిలో ఎంతమంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది? 365 రోజులు కాబట్టి 180 మంది అంటారు. 23 మంది చాలు. మనం మనుషుల్ని లెక్కపెడతాం, లెక్కపెట్టాల్సింది జంటల్ని. 23 మందిలో 253 జంటలు ఉంటాయి. అరవై మంది సెక్షన్లో దాదాపు తప్పకుండా ఒక జంట దొరుకుతుంది. (పెద్దవాళ్ల గుంపులో ఈ ఆట ఆడకండి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన జూన్, జూలై తేదీలే సగం మందికి ఉంటాయి.)

టెస్టులో పాజిటివ్ వచ్చింది. జబ్బు ఉన్నట్టే కదా?

హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకుని ఒక్క అంకె ఎర్ర రంగులో వస్తే రాత్రంతా టెన్షన్ పడి నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు చెప్పిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

వెయ్యి మందిలో ఒక్కరికి వచ్చే జబ్బు అనుకోండి. జబ్బు ఉన్నవాళ్లను టెస్టు తప్పకుండా పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో నూటికి అయిదుగురికి మాత్రం పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. వెయ్యి మంది ఉన్న ఊరంతటికీ టెస్టు చేయండి. నిజంగా జబ్బున్న ఒక్కరికి పాజిటివ్. మిగతా 999 మందిలో నూటికి అయిదు చొప్పున దాదాపు 50 మందికి ఉత్తుత్తి పాజిటివ్. మొత్తం 51 మంది చేతుల్లో పాజిటివ్ రిపోర్టులు, జబ్బు ఒక్కరికే. అంటే సుమారు 2 శాతం. 1978లో హార్వర్డ్ వైద్య ఆసుపత్రుల్లో 60 మంది డాక్టర్లను, వైద్య విద్యార్థులను ఇదే అడిగితే సరిగ్గా చెప్పింది 11 మంది. దాదాపు సగం మంది 95 శాతం అన్నారు.

ఇది ఏ లక్షణాలూ లేకుండా చేయించుకున్న టెస్టు సంగతి. లక్షణాలు ఉండి డాక్టర్ రాసిచ్చిన టెస్టు అయితే లెక్క మారుతుంది, ఎందుకంటే అప్పుడు మీరు వెయ్యిలో ఒకరు కాదు. రిపోర్టు పారేయమని నేను అనడం లేదు. ఏడ్చే ముందు రెండో టెస్టు చేయించుకోమంటున్నాను.

గెలిచినవాళ్లను చూసి నేర్చుకోవాలంటారు. అందులో తప్పేముంది?

ర్యాంకుల హోర్డింగులు చూస్తుంటారు కదా. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది, చుట్టూ నవ్వుతున్న ముఖాలు. "ఈ కాలేజీలో చేరితే ర్యాంకు వస్తుంది" అని ఏ తల్లిదండ్రులకైనా తోస్తుంది. అక్కడ చేరి ర్యాంకు రాని వేలమంది ఫొటోలు వేయాలంటే నగరంలో గోడలు చాలవు. పొలం అమ్మి ఫీజు కట్టిన ఒక తండ్రి నా ఎదురుగా కూర్చుని, "ఇంతమందికి వచ్చింది, మావాడికెందుకు రాలేదు సార్?" అని అడిగాడు. ఎంతమందిలో ఇంతమందికి అన్నది ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే ప్రశ్న విమానాల మీద వచ్చింది. దాడికి వెళ్లి తిరిగొచ్చిన విమానాల్లో తూటా దెబ్బలు కొన్ని భాగాల్లో ఎక్కువ, ఇంజిన్ల దగ్గర తక్కువ. దెబ్బలు ఎక్కువున్న చోట రేకు మందం పెంచాలని ఎవరికైనా తోస్తుంది. న్యూయార్క్‌లో సైన్యానికి లెక్కలు చేసిపెట్టే అబ్రహాం వాల్డ్, తిరిగిరాని విమానాలను కూడా లెక్కలోకి తెచ్చాడు. ఇంజిన్‌కు తగిలినవి తిరిగి రాలేదు, అందుకే ఆ దెబ్బలు ఇక్కడ కనిపించడం లేదు. గట్టిపరచాల్సింది ఇంజిన్ల దగ్గరే. పాము మంత్రం కథలో ఆ ముప్పై మందిలో మాట్లాడటానికి మిగలనివాళ్లనీ ఇక్కడ గుర్తుచేసుకోండి.

వాల్డ్ నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరినవాడు. మన దేశానికి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, 1950 డిసెంబర్‌లో నీలగిరి కొండల్లో విమానం కూలి భార్యతో సహా చనిపోయాడు.

సామెతల్లో పెద్దల అనుభవం ఉంటుంది కదా?

ఉంటుంది. "ఆలస్యం అమృతం విషం" అన్నారు, "నిదానమే ప్రధానం" అనీ అన్నారు. ఏది ఎప్పుడు వాడాలో సామెత చెప్పదు. పని జరిగాక, సరిపోయినదాన్ని ఏరుకుంటాం.

అయితే దేన్నీ నమ్మకూడదా? అలా బతకడం కుదురుతుందా?

కుదరదు, అక్కర్లేదు కూడా. మా పెదనాన్న దుక్కికి ముందు పొలంలోకి దిగి, మట్టి ముద్ద తీసి పిసికి, వదిలేవాడు. ముద్ద విరిగి పొడిగా రాలితే పదును ఉందనేవాడు. వేళ్లకు అంటుకుంటే ఇంకో రెండు రోజులు ఆగేవాడు. ఆయన ఆ పని యాభై ఏళ్లు చేశాడు. తప్పితే ఆ రోజే నాగలి చెప్పేది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి, మోత విని పగులు కనిపెట్టే ఆడవాళ్ల జ్ఞానమూ అలాంటిదే. పిల్లాడు "అదోలా ఉన్నాడు" అని తల్లి అంటే డాక్టర్లు కూడా ఆగి వినాలి.

తప్పు చేస్తే అది వెంటనే, మన కళ్ల ముందే, మన చేతికే తగిలే చోట కామన్ సెన్స్ పదునెక్కుతుంది. తప్పు ఎక్కడో లోపల, ఏళ్ల తర్వాత, ఇంకొకరి ఇంట్లో బయటపడే చోట దానికి పాఠం చెప్పేవాళ్లు ఉండరు. కానీ రెండు చోట్లా అది ఒకే ధీమాతో మాట్లాడుతుంది. మట్టి గురించి మా పెదనాన్న ఎంత నమ్మకంగా చెప్పేవాడో, పేగు గురించి మా నాయనమ్మ అంతే నమ్మకంగా చెప్పింది. గొంతు విని తేడా పట్టలేం. "ఇది నీకు ఎక్కడ తెలిసింది, తప్పయితే నీకు తెలిసేదా?" అని అడిగి చూడాలి. నేను ముందు నన్నే అడుగుతాను. చాలాసార్లు నా దగ్గర జవాబు ఉండదు. అప్పుడు లెక్కపెట్టినవాళ్లు ఏమన్నారో వెతుకుతాను.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇవన్నీ చెబితే బాధపడతారు. ఎలా చెప్పాలి?

వాళ్ల ప్రేమను తప్పుపట్టకుండా చెప్పాలి. గ్లాసు జరిపినప్పుడు మా నాయనమ్మ చెయ్యి వణికింది. మనవడు దాహంతో చూస్తుంటే నీళ్లు ఆపడం ఆమెకు తేలికేమీ కాదు. ఆమె ముగ్గురు పిల్లల్ని అలాగే పోగొట్టుకుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ ముగ్గురికీ కడుపు ఎండబెట్టే చూసింది. ప్యాకెట్ కలిపిన నర్సమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. "పెద్దమ్మా, మీరు పట్టండి, మీ చేత్తో అయితే తాగుతాడు" అని చెంచా ఆమె చేతికే ఇచ్చింది. తమ్ముడు తాగిన మొదటి చెంచా నాయనమ్మ పోసిందే.

నేను డిగ్రీలో ఉండగా పక్కింటి పసిపాపకి విరేచనాలు పట్టుకున్నాయి. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. నాయనమ్మ అల్మారాలోంచి ప్యాకెట్ తీసుకుని, లీటరు సీసా కొలత పెట్టుకుని, కర్ర ఊతంతో వాళ్లింటికి బయల్దేరింది. నేనూ వెనకే వెళ్లాను. వాళ్ల అత్తగారు గుమ్మంలోనే ఆపి, "నీళ్లు పోస్తే ఇంకా అవుతాయి కదా పిన్నీ?" అంది. "అవుతాయే. అయినా పొయ్యాలి. పోయినంత మళ్లీ పొయ్యాలి" అని నాయనమ్మ లోపలికి వెళ్లి, పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, చెంచా చెంచాకీ అంకె పైకి లెక్కపెడుతూ పోయడం మొదలుపెట్టింది.